కోటిపల్లి రైలు: దివిసీమ తెలిసికొనదగిన చరిత్ర

కృష్ణవేణి సాగరమును చేరు సీమలో, తూర్పున బందరునకు 1908లోను, ఏటి కావలి రేపల్లెకు 1916లోను రైలు వచ్చి నిలువగా, ఆ రెండు కొసల నడుమనున్న చల్లపల్లియు, అవనిగడ్డయు, తక్కిన దివిసీమ గ్రామములును నేటికిని ఆ భాగ్యమునకు నోచుకొనలేదు. దేవరకోట జమీందారులకు నెలవైన చల్లపల్లినుండి సైతము రైలెక్కగోరువారు బందరో బెజవాడో పోవలసినదే. బందరు–రేపల్లె మార్గమునకై ఏండ్ల తరబడి విన్నవించుకొనుచున్న మా ప్రాంతమువారు, రైలు వచ్చి, పోయి, మరల వచ్చిన కోటిపల్లి చరిత్రను తెలిసికొనుట యుక్తము.

గౌతమీ తీరమున, సోమేశ్వరస్వామి సన్నిధివలన పుణ్యక్షేత్రముగా పేరొందిన కోటిపల్లికి, కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గము 1928లో ఏర్పడినది. ఆ స్టేషను విలువ ఆ యూరితో ముగియునది కాదు. నదీపాయలును సముద్రమును ఆవరించియున్న కోనసీమవాసులు, ముక్తేశ్వరము వైపునుండి పడవలో రేవు దాటినచో, కాకినాడకును, అచ్చటినుండి దేశమందలి యే మూలకైనను పోగలిగిరి. ఏరు అడ్డమైన సీమకు ఏటి యొడ్డున రైలు నిలుచుట యెంత యుపకారమో దివిసీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ సౌకర్యము పండ్రెండేండ్లకు మించి నిలువలేదు. రెండవ ప్రపంచ సంగ్రామము వచ్చిపడగా, ఇనుమునకు కరవైన ఆ దినములలో, ఆంగ్లప్రభుత్వము దేశమందలి పెక్కు శాఖామార్గములతోపాటు దీనిని కూడ 1940లో ఊడదీయించి, పట్టాలను యుద్ధావసరములకు తరలించినది. 1945లో యుద్ధము ముగిసెను. 1947లో స్వాతంత్ర్యము వచ్చెను. పట్టాలు మాత్రము రాలేదు. రైలు తిరిగిన సీమలోనే రెండు తరములవారు రైలెరుగక పెరిగిరి.

అమలాపురము ప్రతినిధియై, 1998లో లోక్‌సభాధ్యక్ష పీఠము నధిష్ఠించిన గంటి మోహనచంద్ర బాలయోగి ఈ మార్గపు పునరుద్ధరణమునకు పట్టుబట్టి కృషిచేసెను. 2002 మార్చి 3వ తేదీన, నాటి కృష్ణా జిల్లాలోనే, కైకలూరు సమీపమున హెలికాప్టరు ప్రమాదములో అస్తమించుటచే, 2004లో కోటిపల్లికి మరల వచ్చిన రైలును ఆయన చూడలేకపోయెను.

పట్టాలు పెరికివేయుటకు ఒక యుత్తరువు చాలినది. తిరిగి పరచుటకు 64 ఏండ్లు పట్టినది. అయినను పరచిరి. కావున చల్లపల్లి, అవనిగడ్డ పౌరులు తమ కోరిక పాతబడినదని నిస్పృహ చెందక, దానిని ప్రతి యెన్నికలోను తమ ప్రతినిధులయెదుట నిలుపవలెను. బందరు కొసయు రేపల్లె కొసయు కలిసినగాని కృష్ణా డెల్టా రైలుమార్గము సంపూర్ణము కాదు.