జీతం లేని కొలువు: రంగం మేస్త్రీ నుంచి కమీషన్ ఏజెంటు దాకా



బరంపురంలో బస్టాండు గోడల మీద, కళాశాలల దారిలో కరెంటు స్తంభాల మీద ఒక రకం ప్రకటన తరచు కనబడుతుంది. యువకులు కావలెను, అనుభవం అక్కరలేదు, ఆదాయానికి పరిమితి లేదు అని అందులో రాసి ఉంటుంది. వెళ్ళి అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. జీతం లేదు. అమ్మిన సరుకు మీద కమీషన్ మాత్రం ఇస్తారు. తిరుగుడు ఖర్చులు కుర్రవాడివే. కాగితాల మీద అతను ఉద్యోగి కాడు, స్వయం ఉపాధి పొందుతున్న వ్యక్తి. రెండు వారాలు తిరిగి, చేతి డబ్బు అయిపోయాక అతను మానేస్తాడు. అప్పుడు యజమాని అనే మాట మనందరం విన్నదే: “ఉద్యోగాలు లేవని గోల పెడతారు, పిలిచి పని ఇస్తే నిలబడరు.”

ఈ ఫిర్యాదు నిన్న మొన్నటిది కాదు. మన గంజాం జిల్లాలో దీనికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం మద్రాసు రాజధానిలో భాగం. ఆ రోజుల్లో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది తెలుగువాళ్ళు బర్మా వెళ్ళేవారు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. పలానావాడు రంగం వెళ్ళాడంటే ఊళ్ళో అందరికీ అర్థమయ్యేది. మన గోపాలపురం రేవు నుంచి స్టీమరు ఎక్కేవారు. అక్కడివాళ్ళు మనవాళ్ళను కోరంగీలు అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వచ్చిన పిలుపు అది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా జనం భారతీయులే.

రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ పని ఎలా సాగేదో కాస్త వివరంగా చూద్దాం. ఓడల కంపెనీ కూలీలను నేరుగా పెట్టుకునేది కాదు. సరుకు దించే పనిని టన్నుకు ఇంత చొప్పున గుత్తదారుకు ఇచ్చేది. గుత్తదారు పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ గుంపు మేస్త్రీకి అప్పగించేవారు. మెట్టు మెట్టుకీ ఒకరి కమీషన్ తగ్గేది. చివర మిగిలింది కూలీకి. ఆ కూలీని ఊరినుంచి తెచ్చినవాడూ మేస్త్రీయే. స్టీమరు టిక్కెట్టు కొని, ఇంటి దగ్గర బయానా ఇచ్చి తీసుకువెళ్ళేవాడు. ఆ బాకీని కూలి డబ్బులోంచి కోసుకునేవాడు.

ఇక ఓడ రాని రోజున ఏమయ్యేది? టన్నుల లెక్క గనుక కంపెనీ ఏమీ ఇవ్వక్కరలేదు. గుత్తదారుకీ నష్టం లేదు. కూలీకి మాత్రం ఆ పూట తిండి కావాలి. అది మేస్త్రీ ఖాతాలో అప్పుగా పెరిగేది. ఖాళీ రోజు నష్టమంతా అన్నిటికన్నా కింద ఉన్నవాడి నెత్తిన పడేది. తట్టుకోలేక కొందరు పారిపోయేవారు. కూలీలు నమ్మకస్తులు కారని, బయానా తిని పరారవుతారని మేస్త్రీలూ యజమానులూ మొర పెట్టుకునేవారు.

వారి మొరకు చట్టం కూడా తోడు ఉండేది. 1859లో వచ్చిన 13వ చట్టం ప్రకారం, బయానా తీసుకుని పని చెయ్యని కూలీని మేజిస్ట్రేటు ముందుకు లాగవచ్చు. డబ్బు కట్టమనో పని చెయ్యమనో ఉత్తర్వు ఇస్తారు. అది పాటించకపోతే మూడు నెలల దాకా ఖైదు. పని మానడాన్ని నేరంగా చూసిన ఈ చట్టాన్ని 1925లో శాసనం చేసి రద్దు చేశారు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వారి స్థానంలో బర్మా కూలీలను తెచ్చారు. తరువాత రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే కొత్తగా వచ్చినవాళ్ళను పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలైంది. వందమందికి పైగా ప్రాణాలు పోయాయి, వారిలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. పొట్టకూటికి వచ్చిన రెండు జాతుల బీదవాళ్ళు ఒకరినొకరు చంపుకున్నారు. చివరికి 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలాది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. రంగం కథ అక్కడితో దాదాపు ముగిసింది.

గంజాం నుంచి మరో దారి అస్సాం తేయాకు తోటలకు వెళ్ళింది. అక్కడ మేస్త్రీకి బదులు సర్దారు. తోటలో పని చేసే కూలీనే సొంత ఊరికి పంపి, తెచ్చిన మనిషికి ఇంత అని కమీషన్ ఇచ్చేవారు. తోటలకు మనుషులు దొరకడం లేదని యజమానులు చాలాకాలం వాపోయారు. విట్లీ అధ్యక్షతన 1929లో నియమించిన రాయల్ కమిషన్ కార్మికుల స్థితిగతులు విచారించి 1931లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1932లో వచ్చిన చట్టం, మూడేళ్ళు పని చేసిన కూలీకి యజమాని ఖర్చుతో ఇంటికి తిరిగి వచ్చే హక్కు ఇచ్చింది. తిరిగి రాగలనన్న భరోసా లేకపోతే మనిషి గడప దాటడన్న సంగతిని ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది.

ఈ విషయాలు బాగా తెలిసిన మనిషి మన ఊళ్ళోనే పుట్టాడు. వరాహగిరి వెంకటగిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. రైల్వే కార్మికుల సంఘాలు నడిపి, 1937లో మద్రాసులో, 1952లో కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవి వదులుకున్నారు. యజమానీ కార్మికుడూ కోర్టుకెక్కకుండా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలన్నది ఆయన పట్టుదల. దాన్నే గిరి విధానం అన్నారు. రాష్ట్రపతిగా ఉండగా 1970లో నిరుద్యోగం మీద ‘జాబ్స్ ఫర్ అవర్ మిలియన్స్’ అనే పుస్తకం ప్రచురించారు.

కమీషన్ పని అంతా చెడ్డదని నా అభిప్రాయం కాదు. 1956లో జీవిత బీమా సంస్థ ఏర్పడ్డాక ఎన్నో దిగువ మధ్యతరగతి కుటుంబాలు ఏజెంటు కమీషన్‌తో పిల్లలను చదివించుకున్నాయి. అక్కడ ఒకసారి చేయించిన పాలసీ మీద ఏటేటా కొంత వస్తుంది. నిబంధనల ప్రకారం ఏజెంటు పోయాక వారసులకూ అందుతుంది, గ్రాట్యుటీ కూడా ఉంది. అయినా మొదటి రెండు మూడేళ్ళు గడవడం కష్టం. 2024 డిసెంబరులో ఆ సంస్థే బీమా సఖి పథకం తెచ్చింది. అందులో చేరిన మహిళలకు షరతులకు లోబడి నెలకు మొదటి ఏడు 7,000, రెండో ఏడు 6,000, మూడో ఏడు 5,000 రూపాయలు ఇస్తారు. కమీషన్ వేరు. పని నేర్చుకునే కాలంలో తిండి ఖర్చు ఎవరో ఒకరు భరించాలి గదా.

నేటికీ గంజాం కుర్రవాళ్ళు వేల సంఖ్యలో సూరత్ మరమగ్గాల మీద మీటరు లెక్కన పని చేస్తున్నారు. 2020లో మగ్గాలు ఆగినప్పుడు చేతిలో పైసా లేక శ్రామిక రైళ్ళలో ఇళ్ళకు చేరినవారిని మనం చూశాం. మోటారు సైకిలు మీద పొట్లాలు చేరవేసే పిల్లలది ఇంటింటికీ లెక్క. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇలాంటివారిని గిగ్ కార్మికులని పేరు పెట్టి గుర్తించింది.

యజమానుల బాధ కూడా అబద్ధం కాదు. చిన్న దుకాణదారుకు ముందుగా జీతం ఇచ్చే స్తోమత ఉండకపోవచ్చు. మనిషి చేరి నెలకే మానేస్తే నేర్పిన శ్రమ వృథా అవుతుంది. అయితే అతను ఒక లెక్క వేసుకోవాలి. రోజుకు నూరు రూపాయలు పెట్రోలుకు అయ్యే పనిలో మొదటి బేరం ఇరవై రోజులకు కుదిరితే, ఆ రెండు వేలు ఎవరు పెట్టారు? ఇంట్లో బియ్యానికి వెతుక్కునే పిల్లవాడు. వాడు మానేశాడంటే సోమరి అని కాదు, పెట్టుబడి అయిపోయిందని. దారి ఖర్చూ, మొదటి మూడు నెలలకు చిన్న భృతీ ఇచ్చి చూస్తే నిలబడేవాళ్ళు దొరుకుతారు.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లలు ఇలాంటి పనిలో చేరేముందు కాగితం మీద అడిగించండి. కమీషన్ ఎంత, ఎప్పుడు ఇస్తారు? సరుకు తిరిగి వస్తే కోస్తారా? దారి ఖర్చు ఎవరిది? చేరడానికి డబ్బు కట్టమంటున్నారా? కట్టమంటే ఇంటికి వచ్చెయ్యమనండి. రంగం వెళ్ళిన మన తాతలకు చదువు లేక మేస్త్రీ ఖాతా పుస్తకంలో ఏముందో తెలియలేదు. మన పిల్లలకు చదువు వచ్చు. వేలు ముద్రకు బదులు సంతకం పెట్టేవాళ్ళు, సంతకానికి ముందు చదవాలి.