సజెస్టివ్: ఒక మాటకి చెడ్డపేరు ఎలా వచ్చింది?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇంగ్లీష్ మాట కథ చెప్పుకుందాం. ఆ మాట "సజెస్టివ్".

ఉద్యోగంలో చేరిన కొత్తలో లండన్‌లో ఉండే క్లయింట్ మేడంకి ఒక మెయిల్ పెట్టాను. "మీ డిజైన్ మీద నాదొక సజెస్టివ్ కామెంట్" అని. సజెషన్ అంటే సలహా కదా, దానికి విశేషణం ఇదే అనుకున్నా. మా టీమ్ లీడ్ పక్కకి పిలిచి, "ఏమయ్యా, ఆవిడతో డబుల్ మీనింగ్ మాట అంటున్నానని రాశావు, తెలుసా?" అన్నాడు. ఆ రోజంతా తలెత్తలేకపోయాను. బీటెక్ అంతా ఇంగ్లీష్‌లోనే చదివానే! అప్పుడే ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను.

దీని మూలం లాటిన్‌లో ఉంది. "సబ్" అంటే కింద, "గెరెరె" అంటే మోయడం, తీసుకురావడం. రెండూ కలిస్తే, కింది నుంచి తెచ్చి అందించడం. ఏం అందించాలన్నది ఆ మాటలో లేదు. మంచైనా కావచ్చు, చెడైనా కావచ్చు.

కానీ క్రైస్తవ మతబోధలో దీనికి చెడు వైపే వాడకం వచ్చింది. 590లో పోప్ అయిన మొదటి గ్రెగొరీ, పాపానికి మూడు మెట్లున్నాయన్నాడు. మొదటిది సజెషన్, అంటే చెడు ఆలోచన మనసులో పడటం. తర్వాత దాంట్లో ఆనందం, ఆ తర్వాత ఒప్పుకోవడం. 14వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీష్‌లోకి వచ్చినప్పుడు కూడా చెడుకి పురిగొల్పడం అనే అర్థంతోనే వచ్చింది. షేక్‌స్పియర్ మాక్‌బెత్ కూడా రాజుని చంపాలన్న ఆలోచనని ఈ మాటతోనే పిలుస్తాడు.

"సజెస్టివ్" అనే విశేషణం 17వ శతాబ్దంలో వచ్చింది. అప్పుడు దానికి సూచించేది అనే మామూలు అర్థమే. అసలు మలుపు 1880లలో, విక్టోరియా రాణి కాలంలో. బూతుని బూతు అనడం మర్యాద కాదు కాబట్టి "సజెస్టివ్" అనడం మొదలుపెట్టారు. గమనించారా? సూచన గురించి చెప్పే మాటే ఒక సూచన అయిపోయింది! 1927లో హాలీవుడ్ నిర్మాతలు సినిమాల్లో చూపించకూడని వాటి జాబితా రాసుకుంటే, అందులో నగ్నత్వం పక్కన ఇదే మాట ఉంది.

ఇక్కడ మన వైపు ఒక్కసారి చూద్దాం. 9వ శతాబ్దంలో కాశ్మీర్‌లో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాశాడు. పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థమే, అంటే ధ్వనే, కావ్యానికి ఆత్మ అన్నాడు. ఆ ధ్వనిని ఇంగ్లీష్‌లో వివరించేవాళ్ళు ఎక్కువగా వాడే మాట ఏంటో తెలుసా? సజెషన్! ఒకచోట పాపానికి మొదటి మెట్టు, ఇంకోచోట కవిత్వానికి ప్రాణం.

అందుకే ఈ మాట కనిపిస్తే పక్కన ఏముందో చూడాలి. మనుషుల మాటలకి, చూపులకి, డాన్సులకి తగిలిస్తే అసభ్యం అనే అర్థం. పక్కన "ఆఫ్" వస్తే ఫలానాదాన్ని సూచిస్తోంది అని మాత్రమే. సలహా ఇవ్వాలంటే "ఐ హావ్ ఎ సజెషన్" అంటే చాలు.

ఈ తేడా నాకు నిజంగా పనికొచ్చింది మాత్రం ఆఫీసులో కాదు. పోయినేడు నాన్న స్కాన్ రిపోర్ట్ వచ్చింది. చివరి లైన్‌లో "సజెస్టివ్ ఆఫ్" అని, ఆ పక్కన చదవడానికే భయమేసే జబ్బు పేరు. అమ్మ నా మొహమే చూస్తోంది. "ఉన్నట్టా, లేనట్టా నాన్నా?" అని అడిగింది.

"అలా అనిపిస్తోందని రాశారమ్మా, ఇంకా తేల్చలేదు" అన్నాను. బయాప్సీ అయ్యి, ఆ జబ్బు కాదని తేలేదాకా మా ఇంట్లో అందరం ఆ ఒక్క మాటని పట్టుకునే ఉన్నాం.

ఒకప్పుడు నన్ను తలదించుకునేలా చేసిన మాటే అది. మళ్ళీ ఇంకో మాట కథతో కలుద్దాం. ఉంటాను.