ఆగిన నెత్తురు నిలవాలంటే: ఫైబ్రిన్ వలను బిగించే ఎంజైము



ఆటల పీరియడులో మోకాలు గీరుకుపోవడం, పొలంలో కొడవలి తగిలి వేలు తెగడం మన వేమగల్ పిల్లలకు కొత్త కాదు. గుడ్డతో కాసేపు అదిమి పట్టుకుంటే నెత్తురు ఆగుతుంది, మనమూ ఆ సంగతి మరిచిపోతాం. కానీ నెత్తురు ఆగడం వేరు, ఆగినది నిలవడం వేరు. ఈ రెండో పని ఎలా జరుగుతుందో, జరగకపోతే ఏమవుతుందో ఇక్కడ రాస్తున్నాను. హైస్కూలు పిల్లలు దీన్ని ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి.

వల ఎలా ఏర్పడుతుంది?

రక్తనాళం తెగగానే మొదట రక్తఫలకికలు అక్కడికి చేరి, ఒకదానికొకటి అతుక్కుని తాత్కాలికంగా అడ్డుకట్ట వేస్తాయి. అదే సమయంలో రక్తంలోని గడ్డకట్టే కారకాలు ఒకదాన్నొకటి ప్రేరేపించుకుంటూ పోగా, థ్రాంబిన్ అనే ఎంజైము తయారవుతుంది. ప్లాస్మాలో కరిగి ఉండే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ నుంచి థ్రాంబిన్ చిన్న చిన్న ముక్కలను కత్తిరిస్తుంది. అలా మిగిలినదే ఫైబ్రిన్. ఫైబ్రిన్ అణువులు వాటంతట అవే పక్కపక్కన చేరి పోగులవుతాయి, పోగులు వలగా అల్లుకుంటాయి, ఆ వలలో రక్తకణాలు చిక్కుకుంటాయి. మనం పాఠంలో సాధారణంగా ఇంతవరకే చదువుకుంటాం. అయితే ఈ వల ఇంకా పచ్చిది. అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయే గానీ ముడిపడలేదు.

ముడి వేసేది ఫ్యాక్టర్ 13

ఆ ముడి వేసే ఎంజైము పేరు ఫ్యాక్టర్ 13. అది పని లేకుండా రక్తంలో తిరుగుతూ ఉంటుంది. థ్రాంబిన్, కాల్షియం కలిసి దాన్ని పనిలోకి దించుతాయి. ప్రోటీన్లు అమైనో ఆమ్లాల గొలుసులని మీకు తెలుసు కదా. ఒక ఫైబ్రిన్ అణువులోని గ్లుటమిన్‌ను పక్క అణువులోని లైసిన్‌తో ఫ్యాక్టర్ 13 గట్టి రసాయన బంధంతో కలుపుతుంది. అలా పోగులన్నీ అడ్డంగా, నిలువుగా కట్టుబడతాయి. అంతటితో ఆగదు. గడ్డను కరిగించే ప్లాస్మిన్ అనే ఎంజైమును అడ్డుకునే ఒక ప్రోటీన్‌ను కూడా తెచ్చి అదే పోగులకు కట్టేస్తుంది. అందువల్ల గాయం మానేదాకా గడ్డ నిలుస్తుంది.

మన కోలారు జిల్లాలో పట్టుగూళ్లు చూడని పిల్లలు తక్కువ. రీలింగ్‌లో కొన్ని గూళ్ల పోగులను కలిపి ఒక దారంగా తీస్తారు. పోగులకున్న జిగురే ఆరి వాటిని అతికి ఉంచుతుంది. ఆ దారాన్ని సబ్బునీళ్లలో ఉడికిస్తే జిగురు వదిలిపోతుంది. ఫ్యాక్టర్ 13 రాకముందు ఫైబ్రిన్ వల ఇలా జిగురుతో అతికినట్టే ఉంటుంది. వచ్చిన తర్వాత అది కుట్టు వేసినట్టు అవుతుంది.

ఈ తేడాను యూరియా ద్రావణంతో చూడవచ్చు. ముడిపడని గడ్డ గాఢమైన యూరియా ద్రావణంలో కరిగిపోతుంది, ముడిపడినది కరగదు. ఇలా గడ్డను కరగకుండా చేసే పదార్థం రక్తంలో ఉందని హంగరీకి చెందిన లాకి, లోరాండ్ అనే శాస్త్రవేత్తలు 1948లో ప్రకటించారు. అది పుట్టుకతోనే లోపించిన మొదటి రోగి గురించి 1960లో స్విట్జర్లాండ్ వైద్యులు రాశారు.

ఈ ఎంజైము లేకపోతే?

ఇది చాలా అరుదైన జబ్బు, సుమారు 20 లక్షల మందిలో ఒకరికి వస్తుంది. గడ్డ మామూలుగానే కడుతుంది, కానీ కొన్ని గంటలకో మర్నాడో విడిపోయి మళ్లీ నెత్తురు కారుతుంది. పసిబిడ్డల్లో చాలామందికి మొదట కనిపించే గుర్తు బొడ్డు దగ్గర ఆగకుండా రక్తం రావడం. అన్నిటికన్నా ప్రమాదం మెదడులో రక్తస్రావం. ఇంకో చిక్కు ఏమిటంటే, గడ్డ కట్టడానికి ఎంత సమయం పడుతుందో చూసే మామూలు పరీక్షలు ఇందులో సరిగ్గానే వస్తాయి. అందుకే దీనికి వేరే పరీక్ష అడగాలి. జబ్బు తెలిస్తే చికిత్స ఉంది. ఫ్యాక్టర్ 13 శరీరంలో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి సుమారు నెలకొకసారి ఎక్కిస్తే చాలు.

హీమోఫీలియా ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. ఇది ఆడ, మగ ఇద్దరికీ రావచ్చు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఈ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకే కుటుంబం వాళ్లయితే ఇద్దరిలోనూ అదే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో సుమారు 27 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 26 శాతం వివాహాలు దగ్గరి బంధువుల మధ్య జరిగినవే. మేనరికం చేసుకున్నవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. అలాంటి ఇళ్లలో ఇంతకుముందు పసిబిడ్డలు రక్తస్రావంతో పోయి ఉంటే, ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

మీకు తెలిసిన డి-డైమర్

కరోనా కాలంలో డి-డైమర్ పరీక్ష పేరు చాలామంది విన్నారు. ఫ్యాక్టర్ 13 ముడివేసిన ఫైబ్రిన్‌ను ప్లాస్మిన్ కరిగించినప్పుడు, ఆ ముడి విడిపోకుండా జంటగా మిగిలే ముక్కే డి-డైమర్. శరీరంలో ఎక్కడో గడ్డలు కట్టి కరుగుతున్నాయని దాని మోతాదు సూచన ఇస్తుంది. ముడి గాయం దగ్గర మేలు చేస్తుంది, గుండె నాళంలోనో ఊపిరితిత్తుల్లోనో పడితే కీడు చేస్తుంది.

ఇంట్లో గుర్తుంచుకోండి

1. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో కనీసం 10 నిమిషాలు అదిమి పట్టండి. మధ్యమధ్యలో ఎత్తి చూస్తే పచ్చి వల చిరిగిపోతుంది.
2. కాఫీపొడి, బూడిద వెయ్యకండి. పొక్కును గిల్లవద్దని పిల్లలకు చెప్పండి.
3. ఆగిన నెత్తురు మర్నాడు మళ్లీ కారినా, పసిబిడ్డ బొడ్డు దగ్గర రక్తం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. "మొదట ఆగింది, తర్వాత మళ్లీ మొదలైంది" అని డాక్టరుతో స్పష్టంగా చెప్పండి. మామూలు పరీక్షల్లో కనబడని జబ్బుకు ఆ ఒక్క మాటే ఆధారం కావచ్చు.
4. రక్తస్రావం సమస్య ఉన్న పిల్లలకు డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ వంటి మాత్రలు ఇవ్వకండి. అలాంటి పిల్లలుంటే క్లాసు టీచరుకు ముందే తెలియజేయండి.