గది కొలది గళం

దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3వ తేదీన ప్రసారాలు ప్రారంభించిన పిమ్మట పాతబస్తీ ఇండ్లలోనికి ఒక క్రొత్త అతిథి వచ్చినది. ఆ అతిథి గళమే లౌడ్‌స్పీకరు.

తొలినాటి సెట్లకు బూరలుండెడివి. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు తీగచుట్టతో కదిలే కాగితపు శంకువును రూపొందించినారు. శంకువు వెడల్పైన కొలదీ ఎక్కువ గాలిని కదల్చును. మంద్రస్వరము నిండుగా పలుకును. కనుక పెద్దదే మేలని తోచుట సహజము.

కాని వినిపించునది స్పీకరు ఒక్కటే కాదు, గది కూడ. 1895లో హార్వర్డ్ ఆచార్యుడు సాబిన్ పరీక్షింపగా, ఒక ఉపన్యాసశాలలో శబ్దము దాదాపు 5.5 సెకండ్లు నిలిచినది. మెత్తలు పరచిన కొలదీ ఆ కాలము తగ్గినది. నాటి దేవిడీల దివాన్‌ఖానాలలో సున్నపు గోడలు శబ్దమును త్రిప్పికొట్టగా, తివాచీలు, బాలీసులు, తెరలు దానిని పీల్చుకొనెడివి. అట్టి విశాలమైన చోట 10, 12 అంగుళాల స్పీకరు రాణించును.

గల్లీలోని చిన్నగది సంగతి వేరు. పొడవు 3.4 మీటర్లైనచో సెకండుకు 50 కంపనముల నాదము గోడల నడుమ చిక్కి గుమ్మని మ్రోగును. పెద్ద స్పీకరు, అందునా మూలనుంచినది, ఆ మ్రోతనే పెంచును. వార్తలలోని మాట మునిగిపోవును. అచ్చట 6, 8 అంగుళములు చాలును.

మాట తెలియక ఇంటిపెద్దలు ధ్వని పెంచుమందురు. పెంచినచో మాటతోపాటు మ్రోతయు పెరుగును. వారి చెవిని శంకించుటకు ముందు సెట్టును మూలనుండి ఇవతలకు జరిపి, గోడకొక తెర కట్టి చూడవలెను.