తండ్రి పెట్టిన తొట్టి, కొడుకు వెతికిన బాక్టీరియా

మొన్న జూన్‌లో మా ఇంట్లో రెండు చేపలు చచ్చిపోయాయి. చంపింది నేనే. అదీ వాటిని బాగుచేద్దామని కూర్చున్న రోజునే.

అల్ ఐన్‌లో మా ఎదురు ఫ్లాట్ వాళ్ళు కాపురం ఎత్తేసి ఇండియా వెళ్ళిపోతూ మా అమ్మాయికి ఒక అక్వేరియం ఇచ్చి వెళ్ళారు. నూట ఇరవై లీటర్ల తొట్టి, ఆరు గోల్డ్ ఫిష్‌లు. మొదట్లో ముచ్చటగానే చూసుకున్నాం. తర్వాత నాకో ప్రాజెక్టు తగులుకుంది. నాలుగు నెలలపాటు తగ్గిన నీళ్ళకి పైన కాసిని నీళ్ళు పోయడం, మేత వేయడం తప్ప ఇంకేం చెయ్యలేదు. నీళ్ళు పల్చటి టీ రంగుకి వచ్చాయి. చేపలు రెక్కలు ముడుచుకుని ఓ మూల నిలబడేవి. రెండింటి ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. "నాన్నా, వాటికి జ్వరం వచ్చిందా?" అని మా అమ్మాయి రోజూ అడగడం, "ఆదివారం చూద్దాంలే" అని నేననడం.

ఆ ఆదివారం రానే వచ్చింది. ముప్పావు వంతు నీళ్ళు తోడేశాను. ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేదాకా పిండాను. కొత్త నీళ్ళు నింపాను. తొట్టి అద్దంలా మెరిసిపోయింది. మర్నాడు పొద్దున్నకి రెండు చేపలు వెల్లకిలా తేలాయి. మా అమ్మాయి ఏడవలేదు. "నువ్వు కడగకపోతే బతికేవి కదా" అంది, అంతే. ఆ మాట నిజమా కాదా అని వెతకబోతే, కథ నన్ను లండన్ దాకా, అక్కణ్ణించి మళ్ళీ భీమవరం దాకా తిప్పింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఇళ్ళలో తొట్టెలు పెట్టి చేపల్ని పెంచడం చైనావాళ్ళకి ఎప్పట్నించో ఉంది. కాకపోతే వాళ్ళు నీళ్ళు మారుస్తూ పెంచారు. నీళ్ళు మార్చకుండా చేపని బతికించడం సాధ్యమా అన్న ప్రశ్నని పట్టించుకున్నవాడు రాబర్ట్ వారింగ్టన్ అనే లండన్ రసాయన శాస్త్రవేత్త. 1841లో అక్కడి కెమికల్ సొసైటీ పుట్టడానికి పూనుకున్న మనిషి. అపోథెకరీస్ హాల్‌లో, అంటే మందులు తయారుచేసేచోట, ఆయన ఉద్యోగం. మొక్కలు గాలిని బాగుచేస్తాయని ప్రీస్ట్‌లీ, దానికి వెలుతురు కావాలని 1779లో ఇంగెన్‌హౌస్ అప్పటికే చెప్పి ఉన్నారు. అదే సంగతి నీళ్ళలోనూ జరుగుతుందా అని 1849లో వారింగ్టన్ ఒక పెద్ద గాజుపాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లని, వాలిస్నేరియా అనే నీటిమొక్కని పెట్టాడు.

కొన్నాళ్ళకి మొక్క ఆకులు కుళ్ళి, నీళ్ళు మసకబారి, గాజుకి జిగురు పట్టింది. మనమైతే కడిగేస్తాం. నేను కడిగాను కూడా! ఆయన మాత్రం కుంటల్లో కుళ్ళిన ఆకులు ఏమవుతాయో ఆలోచించి, కొన్ని నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళుని తినేశాయి. నీళ్ళు తేటపడ్డాయి. 1850లో కెమికల్ సొసైటీ పత్రికలో ఈ ప్రయోగం గురించి రాశాడు. చేప వదిలింది మొక్కకి, మొక్క వదిలింది చేపకి, రెండూ వదిలింది నత్తకి. మూడూ ఉంటే తొట్టి తనంతట తాను నడుస్తుందన్నమాట.

ఈ లెక్క జనానికి తెగ నచ్చేసింది. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గోస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఇంటింటికీ పాకింది. ఇంగ్లండులో మధ్యతరగతి ఇళ్ళ కిటికీల్లో తొట్టెలు వెలిశాయి. పదేళ్ళు తిరిగేసరికి ఆ మోజు కాస్తా తగ్గింది. లెక్క ప్రకారం మొక్కలూ నత్తలూ అన్నీ ఉన్నా చాలామంది తొట్టెలు ఊరికే కుళ్ళిపోయేవి. లెక్కలో ఏదో ఒకటి లోపించింది. అదేమిటో వారింగ్టన్‌కి తెలియదు. 1867లో ఆయన పోయారు.

లోపించిందేమిటో మనకిప్పుడు తెలుసు. చేప తన వ్యర్థాన్ని ఎక్కువగా అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారానే వదిలేస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా వచ్చేది అమ్మోనియానే. అది చేపకి విషం. మొక్కలు కొంత పీల్చుకుంటాయి గానీ, చేపలెక్కువై మొక్కలు తక్కువైన తొట్టిలో అది ఏ మూలకీ చాలదు. మరి ఆ విషాన్ని విరిచేదెవరు?

జవాబు తొట్టిలోంచి కాదు, మురుగులోంచి వచ్చింది. 1877లో పారిస్‌లో ష్లోసింగ్, ముంట్జ్ అనే ఇద్దరు ఇసుకా సున్నపురాయీ నింపిన గొట్టం గుండా మురుగునీటిని మెల్లగా జారవిడిచారు. మొదటి ఇరవై రోజులూ పోసిన అమ్మోనియా పోసినట్టే కిందకి దిగింది. ఆ తర్వాత అది నైట్రేట్‌గా మారి దిగడం మొదలెట్టింది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి వదిలితే ఆ మార్పు ఆగిపోయింది. కాసింత మట్టి కలిపిన నీళ్ళు పోస్తే కొన్నాళ్ళకి మళ్ళీ మొదలైంది. మత్తుమందుకి పడుకుని, విత్తనం వేస్తే మొలిచేది రసాయనం కాదు, ప్రాణి. ఇరవై రోజులు పట్టింది ఆ ప్రాణి కాపురం పెట్టడానికే.

ఇక్కడే నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. ఈ ప్రయోగం గురించి విని, ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి వెంటపడిన శాస్త్రవేత్త పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. అచ్చు తప్పు కాదు. ఆ గోల్డ్ ఫిష్‌ల వారింగ్టన్ కొడుకు. తండ్రి గాజుపాత్ర పెట్టేనాటికి పదేళ్ళ పిల్లాడు. 1876లో రోథమ్‌స్టెడ్‌లో చేరి, పొలంలో ఎరువుగా వేసిన అమ్మోనియా నైట్రేట్ ఎలా అవుతోందో తేల్చే పనిలో పడ్డాడు. ఇది రెండు మెట్లలో జరుగుతుందని, ఒక జాతి అమ్మోనియాని నైట్రైట్ చేస్తే ఇంకో జాతి ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుందని పట్టుకున్నాడు. కానీ ఆ జీవుల్ని విడదీసి చూపించలేకపోయాడు. ఆ రోజుల్లో బాక్టీరియాని జెలటిన్ మీద పెంచేవారు. ఇవేమో జెలటిన్ ముట్టని జాతి. ఆ సంగతి గ్రహించి, సేంద్రియ పదార్థం లేని ఉప్పునీళ్ళలో వాటిని పెంచి, 1890లో జ్యూరిక్‌లో సాధించింది వినోగ్రాడ్‌స్కీ.

తండ్రి తొట్టిలో లోపించిన ముక్క కోసం కొడుకు పొలంలో వెతికాడన్నమాట. తను వెతుకుతున్నది నాన్నగారి గోల్డ్ ఫిష్‌లని కాపాడిన జీవేనని ఆయనకి ఎప్పుడైనా తట్టిందో లేదో గానీ, నాకు మాత్రం ఆ ముక్క చదివాక మా ఫిల్టర్ స్పాంజి గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది. ఆ జీవులు నీళ్ళలో తేలుతూ ఉండవు. స్పాంజికి, గులకరాళ్ళకి, గాజుకి అంటుకుని బతుకుతాయి. మురికి అని నేను క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళలో పిండి పారేసింది వాటినే.

నేరం అంతటితో ఆగలేదు. మందు కొనడానికి వెళ్తే చేపల షాపు చేట్టన్ మందు ఇవ్వలేదు. "ముందు నీళ్ళు తీసుకురా" అన్నాడు. పాత నీళ్ళు ఒక బకెట్‌లో, మొక్కలకి పోద్దామని బాల్కనీలో ఉంచాను. అవీ, తొట్టిలోవీ రెండూ పట్టుకెళ్ళాను. పాత నీళ్ళ పీహెచ్ ఆరు, కొత్తవి ఎనిమిదికి దగ్గర. చూసి తల పట్టుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ బాక్టీరియా పని చేసేకొద్దీ నీళ్ళలో పులుపు పెరుగుతుంది. నీళ్ళు మారుస్తూ ఉంటే ఆ పులుపు విరుగుతుంది. నెలల తరబడి మార్చకపోతే పీహెచ్ దిగజారి, చివరికి బాక్టీరియా పనే మందగిస్తుంది. అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు ఈసురోమని బతికే ఉంటాయి. పుల్లటి నీళ్ళలో అమ్మోనియా దాదాపు అంతా పెద్దగా హాని చెయ్యని అమ్మోనియంగా ఉంటుంది కాబట్టి. పీహెచ్ ఆరు నించి ఎనిమిదికి ఎక్కితే అందులో విషంగా ఉండే భాగం దాదాపు వంద రెట్లవుతుంది. నేను ముప్పావు వంతు నీళ్ళు తీసేసి అమ్మోనియాని నాలుగో వంతుకి తగ్గించాను, నిజమే. కానీ విషపు పాలు వంద రెట్లు చేశాను. నికరంగా పాతిక రెట్లు. మా అమ్మాయి అన్నది అక్షరాలా నిజం.

ఇక వైద్యం. రోజుకి పది, పదిహేను లీటర్లు మాత్రమే మార్చమన్నాడు చేట్టన్. అల్ ఐన్‌లో ఎండాకాలం మేడ మీది టాంకు నించి వచ్చే చన్నీళ్ళ కుళాయి నీళ్ళు చెయ్యి కాలేలా ఉంటాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ నిలవదు. అందుకని ముందురోజు రాత్రే బకెట్లకి పట్టి, ఏసీ గదిలో ఉంచి, క్లోరిన్ విరగడానికి హైపో కలిపేవాణ్ణి. పాతకాలం ఫోటో స్టూడియోల్లో వాడిన హైపోయే, సోడియం థయోసల్ఫేట్. లీటరుకి గ్రాము చొప్పున మామూలు ఉప్పు. నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి పోతే రక్తం గోధుమరంగుకి తిరిగి ఆక్సిజన్ మొయ్యలేదు. ఉప్పులోని క్లోరైడ్ దానికి అడ్డుపడుతుంది. మేత సగానికి సగం. అన్నిటికంటే ముఖ్యంగా, చేట్టన్ తన షాపు తొట్టిలోంచి ఒక మురికి స్పాంజి తీసి నా చేతిలో పెట్టాడు. డబ్బు తీసుకోలేదు. ష్లోసింగ్, ముంట్జ్ పోసిన మట్టినీళ్ళే అది, ఇంకోటి కాదు.

తెల్ల చుక్కల కథ వేరు. దాన్ని 1876లో ఫూకే అనే ఫ్రెంచాయన వర్ణించి పెట్టిన పేరుకి అర్థం 'బహుసంతానం గల చేపపేను'. చర్మం లోపల ఉన్నప్పుడు దాన్ని ఏ మందూ తాకలేదు. బలిసి రాలిపడి, అడుగున గూడు కట్టి, వందల పిల్లలై ఈదుకుంటూ వచ్చినప్పుడే దొరుకుతుంది. అందుకే ఒక్కరోజు మందు వేసి ఊరుకుంటే తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. మిథిలీన్ బ్లూ రంగు పుట్టింది కూడా అదే 1876లో. అది బాక్టీరియాని కూడా దెబ్బ తీస్తుంది కాబట్టి తొట్టిలో వెయ్యకుండా, చేపల్ని వేరే టబ్బులో పెట్టి చూసుకున్నాం.

యాంటీబయాటిక్ వేద్దామా అని ఒక రాత్రి మా నాన్నగారికి ఫోన్ చేశాను. ఆకివీడు దగ్గర చేపల చెరువులు చేసిన మనిషి. "నీళ్ళు ఎలా ఉన్నాయిరా?" అన్నారు ముందు. తర్వాత 'పుళ్ళ జబ్బు' సంగతి చెప్పారు. 1970ల మొదట్లో జపాన్‌లో, ఆస్ట్రేలియాలో కనిపించి, ఆగ్నేయాసియా అంతా పాకి, 1988లో బంగ్లాదేశ్ మీదుగా మన దేశంలోకి దిగిన రోగం. అఫనోమైసిస్ అనే బూజులాంటి జీవి చేసే పని. కొర్రమీనులకి ఒళ్ళంతా పుళ్ళు పడితే ఊళ్ళో చేపలు కొనే నాథుడు లేడట. అప్పుడు రైతుల్ని గట్టెక్కించింది ఎక్కువగా సున్నమేనట. చేపకి కాదు, చెరువుకి వేసింది. తర్వాత భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధనా సంస్థ సిఫాక్స్ అనే మందు తెచ్చింది. అదీ నీళ్ళలో కలిపేదే.

యాంటీబయాటిక్ మాటకొస్తే, టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ పెద్దన్న ఆరియోమైసిన్. 1948లో దాన్ని లోకానికిచ్చిన లెడర్లీ లాబరేటరీలో పరిశోధనకి పెద్దగా ఉన్నది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కనిపెట్టిన డగ్గర్ ఆయన కింద పనిచేసినవాడే. ఆ కుటుంబంలోని మందులే చేపల తోకకుళ్ళుకీ వాడతారు. అదే భీమవరం ఇప్పుడు రొయ్యలకీ చేపలకీ రాజధాని. మందుల అవశేషాలున్నాయని మన రొయ్యల సరుకు యూరప్‌లో తిరగ్గొట్టిన సందర్భాలూ ఉన్నాయి. మా నాన్నగారికి ఇవన్నీ పట్టవు. "నీళ్ళు బాగుపడకుండా మందెందుకురా" అని ఫోన్ పెట్టేశారు. వెయ్యలేదు.

అయిదు వారాలకి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయి. నాలుగు చేపలు మిగిలాయి.

ఆ శుక్రవారం మా అమ్మాయిని అల్ ఐన్ ఒయాసిస్‌కి తీసుకెళ్ళాను. ఖర్జూరపు చెట్ల మధ్య ఫలజ్ కాలవలు. కొండ అడుగు నించి సొరంగాల్లో వాలుగా నీళ్ళు తెచ్చే ఈ పద్ధతికి ఈ ప్రాంతంలో మూడు వేల ఏళ్ళ వయసు. 1946లో షేక్ జాయెద్ ఇక్కడికి పాలకుడి ప్రతినిధిగా వచ్చినప్పుడు పెట్టుకున్న మొదటి పనుల్లో ఒకటి పూడిపోయిన ఫలజ్‌లని బాగుచేయించడం. ఈ కొండల వాగుల్లో, ఫలజ్‌లలో ఉండే చిన్న చేప ఒకటుంది. శాస్త్రవేత్తలు దానికి 1956లో పక్కనే ఉన్న బురైమీ పేరే పెట్టారు, గారా బర్రెయిమియే అని. దానికి ఎవరూ నీళ్ళు మార్చరు. పారే నీరే మారుస్తుంది. తొట్టిలో పారడం లేదు కాబట్టి ఆ పని బకెట్టూ, బాక్టీరియా చెయ్యాలి.

చివరిగా ఒక్క మాట. రెండు మెట్లనీ రెండు జాతులే ఎక్కుతాయన్నది వారింగ్టన్ కొడుకు నాటి నించీ పాఠం. 2015లో రెండు బృందాలు ఆ రెండు పనులూ ఒక్కటే చేసే బాక్టీరియాని కనిపెట్టాయి. అందులో ఒక బృందానికి అది దొరికింది చేపలు పెంచే నీటి ఫిల్టర్‌లో. ఇది మా అమ్మాయికి చెబితే, "మన ఫిల్టర్‌లో కూడా ఉందా?" అంది. ఉండొచ్చన్నాను. అప్పట్నించి స్పాంజి తీసేది నేనే అయినా, తీసిన తొట్టి నీళ్ళలోనే ఒక్కసారి ముంచి తియ్యమని పక్కన నిలబడి మరీ చెబుతోంది. కుళాయి దగ్గరికి వెళ్ళనివ్వడం లేదు.