పెళ్ళి, పౌరసత్వం, దేశపు గుమ్మం

పెళ్ళంటే నూరేళ్ళ పంట అని మనవారి మాట. ఆ పంటకు కావలసినవి ఇద్దరి మనసులూ, రెండు కుటుంబాల సమ్మతీ, పెద్దల ఆశీస్సూ అని మన నమ్మకం. కాని వధూవరులు ఇద్దరూ రెండు దేశాలకు చెందినవారైనప్పుడు ఆ పెద్దల సరసన మరొక పెద్ద వచ్చి కూర్చుంటాడు. ఆ పెద్ద ప్రభుత్వం. ఆయన మంత్రాలు అడగడు, పత్రాలు అడుగుతాడు.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నివసించడానికి తగిన అనుమతి లేని విదేశీయుడు ఆ దేశపు పౌరురాలిని వివాహమాడినాడనుకుందాం. లేదా విదేశీయురాలు ఆ దేశపు పౌరుణ్ణి వివాహమాడిందనుకుందాం. ఆ వివాహంతో వారి ఉనికి చట్టసమ్మతం అవుతుందా? అవుతుందనే సామాన్యంగా లోకం అనుకుంటుంది. చరిత్రను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు ఒక్కొక్క తరం ఒక్కొక్క సమాధానం చెప్పినట్టు కనబడుతుంది.

మొదటి సమాధానం చాలా సులభమైనది. 1855లో చేసిన చట్టం ప్రకారం అమెరికా పౌరుణ్ణి వివాహమాడిన విదేశీ స్త్రీ ఆ క్షణాన్నే పౌరురాలు అయ్యేది. అర్జీ లేదు, పరీక్ష లేదు. అయితే ఇది స్త్రీపట్ల ఔదార్యం అనుకోరాదు. భర్త జాతీయతే భార్య జాతీయత అనే పాత సూత్రానికి అది చట్టరూపం మాత్రమే. పైగా ఆమె స్వయంగా పౌరసత్వానికి అర్హురాలైన జాతికి చెంది ఉండవలెనన్న నియమం ఒకటి వెనుక ఉన్నది. 1790 నాటి చట్టం ఆ అర్హతను శ్వేతజాతీయులకే పరిమితం చేసింది. 1870లో ఆఫ్రికా సంతతివారికి కూడా వర్తింపజేశారు. ఆసియావాసులకు ఆ తలుపు మూసే ఉన్నది.

ఆ సూత్రానికి రెండవ అంచు 1907లో బయటపడింది. ఆ సంవత్సరపు చట్టం ప్రకారం విదేశీయుణ్ణి వివాహమాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని కోల్పోతుంది. ఆమె ఆ దేశంలో పుట్టి, పెరిగి, ఒక్కనాడైనా ఎల్లలు దాటకపోయినా సరే. కాలిఫోర్నియాలో జన్మించిన ఎథెల్ మెకంజీ 1909లో ఒక బ్రిటిష్ జాతీయుణ్ణి పెళ్ళాడింది. 1911లో ఆ రాష్ట్రంలో స్త్రీలకు ఓటు హక్కు లభించింది. ఆమె తన పేరు నమోదు చేసుకోవడానికి వెళితే, నీవు అమెరికన్‌వు కావు పొమ్మన్నారు. ఆ వ్యాజ్యం సుప్రీం కోర్టు వరకు పోయింది. ఫలితం తెలిసే ఆమె ఇష్టపూర్వకంగా ఆ వివాహం చేసుకున్నది గనుక చట్టం చెల్లుతుందని 1915లో తీర్పు వచ్చింది.

1920లో దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కు వచ్చిన తర్వాత ఈ స్థితి నిలువలేకపోయింది. 1922లో కేబుల్ చట్టం భార్య పౌరసత్వాన్ని భర్త పౌరసత్వం నుండి విడదీసింది. అంతటితో పెళ్ళి చేసుకున్నంతనే పౌరసత్వం లభించే పద్ధతి పోయింది. పెళ్ళి ఇక గమ్యం కాక, అర్జీ పెట్టుకోవడానికి ఒక ఆధారం మాత్రమే అయింది. నేటి పద్ధతికంతా పునాది ఇక్కడే పడింది.

అయితే కేబుల్ చట్టంలో ఒక ముల్లు మిగిలింది. పౌరసత్వానికి అనర్హుడైన జాతివాణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ మునుపటి వలెనే పౌరసత్వాన్ని పోగొట్టుకునేది. ఈ ముల్లు మనవారికీ గుచ్చుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో, భారతీయులు ఆ చట్టం చెప్పే శ్వేతజాతివారు కారని 1923లో సుప్రీం కోర్టు నిర్ణయించింది. భారత స్వాతంత్ర్యోద్యమకారుడు తారకనాథ్ దాస్‌ను వివాహమాడిన మేరీ అనే అమెరికన్ మహిళ ఈ నిబంధన వల్లనే తన పుట్టిన దేశంలో పరాయిది అయింది. 1931 సవరణతో గాని ఈ అన్యాయం తొలగలేదు.

థిండ్ తీర్పు వచ్చిన ఆ 1923వ సంవత్సరంలోనే మన తెలుగువాడు ఒకడు బోస్టన్‌లో అడుగుపెట్టినాడు. ఆయన భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఔషధ పరిశోధనలో ఆయన చేసిన సేవ లోకవిదితం. ఆయన భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయింది. ఆయన తిరిగి రాలేదు, ఆమె అక్కడికి పోలేదు. 1948లో ఆయన అమెరికాలోనే మరణించినారు. ఆ ఎడబాటుకు కారణాలన్నీ చట్టం మీదికే నెట్టివేయడం తగదు. కాని ఆయన అక్కడ గడిపిన ఇరవై ఐదు సంవత్సరాలలో మొదటి ఇరవై మూడు సంవత్సరాల పాటు భారతీయునికి అక్కడి పౌరుడై, భార్యను హక్కుగా పిలిపించుకునే దారి లేదన్నది యథార్థం. 1946 జులైలో లూస్–సెల్లర్ చట్టం ఆ దారి తెరిచింది. దానితోపాటు భారతదేశానికి కేటాయించిన కోటా సంవత్సరానికి 100 మంది.

ఇక 1924 చట్టం సంగతి. దేశదేశానికీ కోటాలు బిగించిన ఆ చట్టం పౌరుల భార్యలను మాత్రం కోటా వెలుపల ఉంచింది. పౌరురాలి భర్తకు అప్పుడు ఆ సౌకర్యం లేదు. భార్యాభర్తలను ఈ విషయంలో సమానం చేసినది 1952 చట్టం. భార్యలలోనైనా అందరికీ ఆ సౌకర్యం దక్కలేదు. అమెరికా పౌరులైన చైనీయుల భార్యలు అనర్హ జాతివారు గనుక ప్రవేశానికి తగరని 1925లో సుప్రీం కోర్టు చెప్పింది.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ గోడను కొంత కదిలించింది. విదేశాలలో పెళ్ళాడిన సైనికుల కోసం 1945 డిసెంబరులో యుద్ధవధువుల చట్టం వచ్చింది. లక్షకు పైగా స్త్రీలు సైనికుల భార్యలుగా ఓడలెక్కి అమెరికా చేరినారు. కాని గుమ్మం ఎదుట ప్రభుత్వాధికారం ఎంతటిదో 1948లో వచ్చిన ఎలెన్ క్నౌఫ్ ఉదంతం చాటుతుంది. జర్మనీలో పుట్టి, యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో సేవ చేసిన ఆమె ఒక అమెరికన్ మాజీ సైనికుని భార్య. రహస్య సమాచారం ఉన్నదని చెప్పి, విచారణ లేకుండా ఆమెను ఎల్లిస్ ద్వీపంలో ఆపినారు. అట్లా ఆపే అధికారం ప్రభుత్వానికి ఉన్నదని 1950లో సుప్రీం కోర్టు చెప్పింది. ప్రజలలోను, కాంగ్రెసులోను అలజడి చెలరేగి, చివరకు విచారణ జరిగి, 1951లో ఆమెను లోపలికి రానిచ్చినారు.

ఇదే చట్టాన్ని దుర్వినియోగం చేసినవారూ లేకపోలేదు. కలిసి కాపురం చేయాలనే ఉద్దేశమే లేకుండా, ప్రవేశం కోసం మాజీ సైనికులతో పెళ్ళిళ్ళు జరిపించిన వారి శిక్షను 1953లో లట్వాక్ వ్యాజ్యంలో సుప్రీం కోర్టు ఖాయం చేసింది. పెళ్ళి తంతు సక్రమంగా జరిగిందా అన్నది కాదు, దాని వెనుక కాపురపు సంకల్పం ఉన్నదా అన్నది ప్రశ్న అని ఆ తీర్పు సారాంశం.

ఇప్పటివరకు చెప్పినది చాలావరకు బయటినుండి వచ్చేవారి మాట. అప్పటికే లోపల ఉన్నవారి సంగతి ఏమిటి? అట్టివారు దేశం విడిచి పోయి, వీసా పొంది తిరిగి రావలసి ఉండేది. పోయినవారికి వీసా దొరకకపోతే సంసారం రెండు ముక్కలే. ఈ చిక్కు తగ్గించడానికి 1935లో ఒక ఏర్పాటు మొదలైనది. అధికారులు ముందుగానే పరిశీలించి అర్హుడని తేల్చిన వ్యక్తి కెనడా వెళ్ళి, అక్కడి అమెరికన్ కాన్సలేటులో వీసా తీసుకుని తిరిగి వచ్చేవాడు. 1952 చట్టం ఈ ప్రయాణాన్ని కూడా తప్పించి, దేశంలో ఉంటూనే స్థితిని మార్చుకునే పద్ధతిని ప్రవేశపెట్టింది. 1960 సవరణ ఆ సదుపాయాన్ని విస్తరించింది. కాని ఒక షరతు నిలిచింది: ఆ వ్యక్తి అధికారి ఎదుట నిలిచి, తనిఖీ పొంది లోపలికి వచ్చి ఉండవలెను.

ఈ షరతే నేటికీ కీలకం. వీసాతో వచ్చి గడువు మీరి ఉండిపోయినవాడు పౌరురాలిని నిజాయితీగా పెళ్ళాడితే, ఇతర అభ్యంతరాలు లేనప్పుడు, ఆ దేశంలోనే ఉండి గ్రీన్ కార్డుకు అర్జీ పెట్టుకోవచ్చును. ఎడారి దాటి, తనిఖీ లేకుండా వచ్చినవాడు అదే పౌరురాలిని పెళ్ళాడి, అంతే ప్రేమతో బిడ్డలను పెంచుతున్నా సామాన్యంగా అట్లా చేయలేడు. పూర్వం జాతి వేరు చేసినవారిని ఇప్పుడు గుమ్మం వేరు చేస్తున్నది.

1986లో కాంగ్రెసు దొంగపెళ్ళిళ్ళను అరికట్టడానికి మరొక చట్టం చేసింది. పెళ్ళయి రెండేళ్ళు నిండనివారికి మొదట షరతులతో కూడిన నివాసానుమతి మాత్రమే ఇస్తారు. ఆ రెండేళ్ళ గడువు ముగియబోయే ముందు దంపతులిద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవలెను. ఉద్దేశం మంచిదే. కాని సంతకం పెట్టవలసిన భర్తే కొట్టేవాడైతే? ఆమె పత్రాలన్నీ అతని చేతిలోనే ఉంటే? ఈ ప్రశ్నలు బలంగా వినిపించిన మీదట, హింసకు గురైనవారు తమంత తాము అర్జీ పెట్టుకునే వీలు 1990లోను, 1994లోను చేసిన చట్టాలతో కలిగింది. ఆడపిల్లను దూరదేశం పంపే మన కుటుంబాలు ఈ ఒక్క విషయాన్నైనా తెలిసి ఉండడం అవసరం.

1994లో తనిఖీ లేకుండా వచ్చినవారు కూడా అదనపు రుసుము చెల్లించి దేశంలోనే స్థితిని మార్చుకునే అవకాశం ఇచ్చినారు. 2001 ఏప్రిల్ 30లోగా వారి పక్షాన అర్జీ దాఖలైనవారికే అది మిగిలింది. ఈలోగా 1996 చట్టం వచ్చింది. అనుమతి లేకుండా 180 రోజులు మించి ఉండి వెళ్ళినవారు మూడేళ్ళు, ఏడాది గాని అంతకు మించి గాని ఉండి వెళ్ళినవారు పదేళ్ళు తిరిగి రాకూడదు. వీసా కోసం దేశం విడవవలెను. విడిస్తే పదేళ్ళు తలుపు మూత. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టయింది. పౌరురాలైన భార్యకు తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపిస్తే మినహాయింపు ఉన్నది. దాన్ని దేశం విడవకముందే కోరుకునే వీలు 2013లో కల్పించినారు.

2024 జూన్‌లో అధ్యక్షుడు బైడెన్ ప్రభుత్వం, పదేళ్ళుగా ఆ దేశంలో ఉంటూ పౌరులను పెళ్ళాడినవారికి అక్కడే స్థితి మార్చుకునే పథకాన్ని ప్రకటించింది. సుమారు 5 లక్షల మంది దంపతులకు మేలు కలుగుతుందని ప్రభుత్వపు అంచనా. ఆగస్టులో అర్జీలు మొదలైనవి. నవంబరులో టెక్సాస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం ఆ పథకాన్ని కొట్టివేసింది. అదే జూన్‌లో, విదేశీయుడైన జీవితభాగస్వామిని దేశంలోకి రప్పించుకోవడం పౌరుని మౌలిక హక్కు కాదని సుప్రీం కోర్టు మరొక వ్యాజ్యంలో తీర్పు చెప్పింది.

ఇంటికి ఎవరు రావలెనో నిర్ణయించే అధికారం ప్రతి దేశానికీ ఉన్నది. దొంగపెళ్ళిని పట్టుకోవడమూ న్యాయమే. అయితే, పదేళ్ళు కలిసి కాపురం చేసినవారి విషయంలో ఆ పెళ్ళి నిజమైనదని రుజువు చేయడానికి ఇంకేమి కావలెను? అక్కడ ప్రభుత్వం శంకిస్తున్నది పెళ్ళిని కాదు, ఏనాడో దాటిన గుమ్మాన్ని. ఎథెల్ మెకంజీకి, మేరీ దాస్‌కు జరిగినది తప్పని ఆ దేశమే తర్వాత ఒప్పుకొని చట్టాలను మార్చుకున్నది. ఈనాటి గుమ్మపు షరతును రాబోయే తరం ఏ దృష్టితో చూస్తుందో కాలమే తేల్చవలెను. అంతవరకు వివాహపత్రం వేరు, నివాసానుమతి వేరు అన్న సంగతి దూరదేశపు సంబంధాలు కలుపుకునేవారు మరవరాదు.