మా ఇంటి జాసూస్‌లు



పలాస స్టేషన్ దగ్గర ఒకప్పుడు నవలలు అద్దెకిచ్చే చిన్న కొట్టుండేది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని ముగించుకుని వస్తూ మా అబ్బా ఓ పుస్తకం చొక్కా కింద దాచి తెచ్చేవారు. ఒకరోజు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, ఇంకోరోజు మధుబాబు షాడో. "పిల్లలు పాడైపోతారు" అని అమ్మీ గొడవ. కానీ హైదరాబాద్ నుంచి మామూ తెచ్చే ఉర్దూ కితాబులకు మాత్రం అందరికంటే ముందు చెయ్యి చాపేది అమ్మీయే. అవి ఇబ్నె సఫీ జాసూసీ నవలలు!

ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. 1952లో అలహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' మొదలుపెట్టారు. అదే ఏడాది కరాచీ వెళ్లిపోయారు. అయినా ఆయన నవలలు అక్కడా ఇక్కడా అచ్చవుతూనే ఉన్నాయి. సరిహద్దు ఖాందాన్‌లను విడదీసింది గానీ కల్నల్ ఫరీదీని, కెప్టెన్ హమీద్‌ని, తర్వాత వచ్చిన ఇమ్రాన్‌ని ఆపలేకపోయింది. జేమ్స్ బాండ్ మొదటి నవల 1953లో వచ్చింది. అంటే మన ఫరీదీ ఒక ఏడాది పెద్ద!

ఇక సినిమా. ఫ్రెంచి రచయిత జాన్ బ్రూస్ 1949లోనే ఓఎస్ఎస్ 117 అనే గూఢచారిని సృష్టించాడు. అతని మీద 1964లో ఫ్రాన్స్‌లో వచ్చిన ఒక సినిమా ప్రేరణతో 1966లో మన 'గూఢచారి 116' తయారైంది. దాంతో కృష్ణ ఆంధ్రా జేమ్స్ బాండ్ అయిపోయారు. మరుసటి ఏడాది అదే కథ హిందీలో జితేంద్ర హీరోగా 'ఫర్జ్' అయింది. అబ్బా టెక్కలిలో 'గూఢచారి 116' మూడుసార్లు చూశారట.

నాకీ సరదా ఒకసారి చేదైంది. క్రికెట్ మ్యాచ్ మర్నాడు క్లాసులో ఒకడు నన్ను "పాకిస్తాన్ జాసూస్" అన్నాడు. అందరూ నవ్వారు. కితాబులో హీరోకున్న పేరు నాకు తిట్టుగా వచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ రాత్రి అబ్బా నాకు 1971 కహానీ చెప్పారు.

మన తీరం వెంట కిందికి పోతే విశాఖ. విక్రాంత్ నౌకను వెతుక్కుంటూ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అక్కడికొచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అయినా అది విశాఖలోనే ఉందని నమ్మించడానికి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నిన చాల్ ఏమిటో తెలుసా? రేడియోలో తప్పుడు సందేశాలు పంపించడమే కాదు, బజారులో పెద్ద ఎత్తున మాంసం, కూరగాయలకు ఆర్డర్లిచ్చారు. శత్రువు జాసూస్‌ల చెవిన పడాలని! డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు. ఘాజీలో ఒక్కరూ బతకలేదు. రాజ్‌పుత్ నౌక ముంచిందని మనవాళ్లు, ప్రమాదమని వాళ్లు ఇప్పటికీ అంటారు. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన 'ఘాజీ'లో మాత్రం ఆ పని ఒక భారత జలాంతర్గామి చేస్తుంది. సినిమా వేరు, తారీఖ్ వేరు.

"చూడు బేటా" అన్నారు అబ్బా, "అసలు జాసూసీలో తుపాకుల మోతకన్నా కూరగాయల లెక్కే ఎక్కువ. వఫాదారీ కూడా అంతే. చప్పుడు చెయ్యదు."

ఆ మాట నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. జాసూస్ చేసిన ఖుర్బానీ ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. చదివే మనకొక్కరికే తెలుసు. ఆ రహస్యంలో మనకూ వాటా ఉంటుంది. అందుకే ఈ కథలు పాతబడవు. 'రాజీ' చూశారా? హరీందర్ సిక్కా నవల 'కాలింగ్ సెహ్మత్' ఆధారంగా 2018లో వచ్చింది. వతన్ కోసం సరిహద్దు దాటిన కశ్మీరీ ముస్లిం అమ్మాయి కథ. అటువైపు వాళ్లను కూడా మనుషుల్లాగే చూపించారు. మా బేటీ ఆ సినిమా చూసి, "అబ్బా, సెహ్మత్ మన పిల్లే కదా" అంది.

మన పిల్లే అన్నాను. అంతకన్నా మాట రాలేదు. అమ్మీ దాచిన ఇబ్నె సఫీ కితాబులు ఇంకా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. బేటీ ఇప్పుడు ఉర్దూ అక్షరాలు నేర్చుకుంటోంది.